సిల్‌ధార్ మాత్రం వద్దు

అమలాపురం,
నవంబరు 4, 2024.

ప్రియమైన జాయ్‌కి,

ప్రభువు పేరట అక్క ప్రేమతో రాసేది. నువ్వూ, వీరేంద్రా, చిన్నారి హేమా, మీ అత్తగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా కులాసా. నాన్నగారికి ఆయాసం కొంచెం సర్దుకుంది.

ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి, సిగ్నల్ లేదంటూ పెట్టేస్తున్నావు. ఆగస్టులో మీ వైపు కొండలు కూలుతున్నాయని టీవీలో చూసి చేసినప్పుడూ అంతే. "అందరం బాగానే ఉన్నామక్కా" అన్నావు, కట్ అయిపోయింది. అందుకే నువ్వు నర్సింగ్ హాస్టల్లో ఉన్న రోజుల్లోలాగా మళ్ళీ కాగితం పట్టుకున్నాను.

మా ఇంటికి మంచు పిచ్చి పట్టింది. మా కళ్యాణూ, సుస్మితా ఎవరో స్కీయింగ్ చేస్తున్న వీడియో చూశారు. అప్పటినుంచీ పెరట్లో కొబ్బరిమట్టల మీద నిలబడి ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటున్నారు. మొన్న సుస్మిత మోకాలు చెక్కుకుపోయింది. మీ బావగారు పిల్లల్ని మించిపోయారు. హిందీ మాస్టారు కదా, ఉత్తరాది అంతా తన పుట్టిల్లయినట్టు మాట్లాడతారు. క్రిస్మస్ ఆరాధన అయిన రాత్రే రాజమండ్రిలో రైలెక్కాలట. ఏ ఊరన్నదే తేలడం లేదు. గుల్‌మార్గ్‌లో మంచు బాగుంటుంది గానీ మరీ దూరం. మనాలి సులువే గానీ తీర్థంలా జనం. ఔలీ అంటారొకసారి. రోజూ అన్నాల దగ్గర ఇదే గొడవ.

నేనేమో, సొంత చెల్లెలు స్కీయింగ్ ఊళ్ళో లాడ్జి పెట్టుకుని ఉండగా వేరే ఊరేమిటి అన్నాను. స్కీయింగ్ నేర్పేది సాక్షాత్తూ వీళ్ళ బాబాయి. హేమని నేను ఫోటోలో తప్ప చూడలేదు. మాకు రెండు గదులు ఉంచు. వెంటనే జవాబు రాయి.

ప్రేమతో,
అక్క,
విజయకుమారి


సిల్‌ధార్,
నవంబరు 17.

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కొబ్బరిమట్టల సంగతి చదివి చాలా కాలానికి నవ్వాను. పిల్లలకి నా ముద్దులు.

మీరు మనాలి వెళ్ళండి అక్కా. సిల్‌ధార్ మాత్రం వద్దు. ఈ ఏడు ఇక్కడ మంచు సరిగ్గా పడేలా లేదు. రోడ్డు కూడా బాగాలేదు. మనాలి నుంచి సోలాంగ్ దగ్గరే, అక్కడ వాలు మెత్తగా ఉంటుంది. మొదటిసారి నేర్చుకునే పిల్లలకి అలాంటి చోటే మంచిది. గుల్‌మార్గ్ వాలు చూస్తే సుస్మిత ఏడుస్తుంది.

బూట్లు అక్కడే అద్దెకిస్తారు. మడమ కదలకుండా, వేళ్ళు మాత్రం కాస్త ఆడేలా ఉండాలి. నూలు మేజోళ్ళు వద్దు, ఉన్నివే కొను. తడిసిన మేజోడుతో ఒక్క నిమిషం కూడా ఉండనివ్వకు. పడిపోవడం ముందు నేర్పమని చెప్పు. పక్కకి పడాలి, వెనక్కి కాదు. వీరేంద్ర ఎప్పుడూ మొదటి రోజంతా పిల్లలకి పడటమే నేర్పుతాడు. మిగతాది దానంతట అదే వస్తుందంటాడు.

లాడ్జిలో మరమ్మతులు జరుగుతున్నాయి, గదులు ఖాళీగా లేవు. ఈసారి ఉత్తరం ఇక్కడి ప్రైమరీ స్కూలు అడ్రసుకి రాయి. పోస్ట్‌మ్యాన్ మా వీధి దాకా రావడం లేదు.

హేమకి నాలుగేళ్ళు నిండాయి. బాగా మాట్లాడుతుంది, అన్నీ అడుగుతుంది.

నీ చెల్లెలు,
జాయ్


అమలాపురం,
నవంబరు 30.

ప్రియమైన జాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మేజోళ్ళ గురించి అంత రాశావే, ఒక్కసారైనా "రా అక్కా" అని రాయలేదు. మరమ్మతులైతే మీ వంటింట్లో పడుకుంటాం. మాకేం కొత్తా? చిన్నప్పుడు ఐ.పోలవరంలో వరద వచ్చినప్పుడల్లా బడి వరండాలో పడుకున్నవాళ్ళమే కదా.

నీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెప్పేస్తున్నాను. సిల్‌ధార్ వెళ్దామన్నది నేను కాదు, నాన్నగారు. ఆ రోజు మీ బావగారు మూడు ఊళ్ళ పేర్లూ చెప్పి ఆయన్ని అడిగారు. ఆయన తింటున్న కంచంలోంచి తల ఎత్తకుండానే, "మనమ్మాయి ఉన్న ఊళ్ళో మంచు పడదా ఏంటి?" అన్నారు. మీ బావగారు "ఆయ్, పడుతుందండి మావయ్యగారూ" అన్నారు. అంతే, ఊరు తేలిపోయింది. ఆరేళ్ళయింది జాయ్, ఈ ఇంట్లో ఆయన నోటివెంట నీ ఊసు వచ్చి.

నీ పెళ్ళప్పుడు ఆయన అన్న మాట నాకూ గుర్తే. మన సంఘం కాని వాణ్ణి, ఎక్కడో కొండల్లో వాణ్ణి చేసుకుంటున్నావని, "ఇసుక మీద ఇల్లు కట్టుకుంటున్నావే, కూలితే నా గుమ్మం ఎక్కకు" అన్నారు. ఆ మాట పట్టుకునే నువ్వు మమ్మల్ని రావద్దంటున్నావా? ఆయన మొన్న కోతిటోపీ కొనుక్కుని అద్దంలో చూసుకున్నారు. రిటైరైన హెడ్మాస్టర్ సాలమోను గారు, డెబ్బై దాటాక, మనవరాలి కోసం ఉన్ని స్వెట్టర్ కొలత తెలియక షాపువాడితో గొడవపడి వచ్చారు. ఇంతకన్నా ఆయన ఏం చెయ్యగలరు?

ఒక్క మాట రాయి. ఔననో, కాదనో. టికెట్లు తీసుకోవాలి.

అక్క


సిల్‌ధార్,
డిసెంబరు 11.

ప్రియమైన అక్కకి,

కాదు.

కోపం తెచ్చుకోకు. నాన్నగారికి ఆయాసం ఉంది. ఈ ఎత్తులో ఆయనకి ఊపిరి అందదు. నేను నర్సుని, చెబుతున్నాను విను. వీరేంద్ర ఊళ్ళో లేడు, పై వాలుల్లో పనికి వెళ్ళాడు. మీరొస్తే చూసుకునేవాళ్ళు లేరు. అత్తగారు తుంటి విరిగి మంచం మీద ఉన్నారు.

నాన్నగారి మాట నేను మనసులో పెట్టుకోలేదు. ఆయన కొన్న స్వెట్టర్ పోస్టులో పంపు. హేమకి వేసి ఫోటో పంపుతాను.

మనాలి వెళ్ళండి. నన్ను ప్రేమించేదానివైతే ఈసారికి మనాలి వెళ్ళండి.

జాయ్


మనాలి,
డిసెంబరు 30.

నా తల్లీ, జాయ్,

ఈ ఉత్తరం నీకు పోస్టులో రాదు. నాన్నగారి చేతికిచ్చి పంపుతున్నాను. ఆయనా, మీ బావగారూ ఇంకాసేపట్లో బస్సెక్కుతున్నారు. నాకు రావాలనే ఉంది గానీ పిల్లలిద్దరికీ జ్వరం. వీళ్ళని తీసుకుని ఢిల్లీ వెళ్ళి, అక్కడి చర్చి గెస్ట్‌హౌస్‌లో మీ కోసం ఎదురుచూస్తాను.

నిన్న సోలాంగ్ వెళ్ళాం. నువ్వు చెప్పినట్టే వాలు మెత్తగా ఉంది. పిల్లలకి నేర్పడానికి ఒక పెద్దాయన దొరికాడు. మొదట పడటం నేర్పాడు, పక్కకి. నాకు నవ్వొచ్చి, మా మరిది కూడా ఇలాగే నేర్పుతాడట అన్నాను. మీ బావగారు ఆయన్ని ఏ ఊరని అడిగారు. సిల్‌ధార్ అన్నాడు. మీ బావగారి సంతోషం చూడాలి! ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, మా తోడల్లుడిది మీ ఊరే, వీరేంద్ర, లాడ్జి ఉంది, ఎరుగుదురా అని హిందీలో అడిగారు.

ఆయన టోపీ తీసేశాడు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నెమ్మదిగా ఏదో చెప్పాడు. మీ బావగారి మొహంలో రంగు పోయింది.

నాన్నగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. "ఏమన్నాడు క్రాంతీ?" అని మీ బావగారిని అడిగారు.

"ఏం లేదండి మావయ్యగారూ, ఊరి సంగతులు."

"జీవితమంతా పిల్లల మొహాలు చూసినోణ్ణి. ఏమన్నాడో చెప్పు."

మీ బావగారు చెప్పలేక చెప్పారు. ఆగస్టు వానల్లో కొండ జారి మీ వీధి మొత్తం కిందికి పోయిందని. వీరేంద్ర దానిలోనే పోయాడని. అతన్ని బయటికి తీసినవాళ్ళలో ఈ పెద్దాయనా ఒకడని. అక్కడి స్కీయింగ్ వాలు మూసేశారట, అందుకే ఆయన పని వెతుక్కుంటూ మనాలి వచ్చాడట. జాయ్ సిస్టర్ స్కూల్లో ఉంటోందని, అక్కడి జనానికి మందులూ సూదులూ ఆవిడే చూస్తోందని చెప్పాడు.

నాన్నగారు లేచి నిలబడ్డారు. మంచులో కర్ర దిగబడిపోతోంది. ఏడవలేదు. "బస్సెన్నింటికి?" అన్నారు. ఆయాసం, ఎత్తు, అన్నీ గుర్తుచేశాను. "దాని దగ్గరికెళ్ళి కూర్చుంటాను. అక్కడ ఊపిరి ఎంతుంటే అంతే తీసుకుంటాను" అన్నారు.

భర్త పోయి మూడు నెలలైనా కాకుండా నువ్వు కూర్చుని నా పిల్లలకి మేజోళ్ళ గురించి రాశావు. అతను బతికే ఉన్నట్టు "నేర్పుతాడు" అని రాశావు. నేనేమో మంచు ఎక్కడ బాగుంటుందా అని నీకు రాస్తూ కూర్చున్నాను. ఎలా భరించావే ఒక్కదానివీ?

ఏమీ ఆలోచించకు. సామాను సర్దుకుని హేమని తీసుకుని వాళ్ళతో వచ్చెయ్. ముమ్మిడివరంలో నేను పనిచేసే స్కూలు పక్కనే ఆసుపత్రి ఉంది, నర్సు కావాలంటున్నారు. మన ఇంట్లో నీ గది ఉంది.

నీ కోసం చూస్తూ,
అక్క


సిల్‌ధార్,
జనవరి 4, 2025.

ప్రియమైన అక్కకి,

నాన్నగారూ బావగారూ క్షేమంగా చేరారు. నాన్నగారికి ఆక్సిజన్ పెట్టి రెండు రోజులు పడుకోబెట్టాను. ఇప్పుడు ఫరవాలేదు, కిందికి దిగితే ఇంకా తేలికపడుతుంది.

ఆయన వచ్చినప్పుడు నేను ఒక గర్భిణికి బీపీ చూస్తున్నాను. గుమ్మంలో నిలబడ్డారు. నేను లేవలేదు, పని మధ్యలో ఉన్నాను. అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. తర్వాత వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. "ఏదైనా తిన్నావా?" అన్నారు. ఆ ఒక్క మాటకే నేను ఆగస్టునుంచి దాచుకున్నదంతా ఏడ్చాను.

జరిగింది రాస్తాను, నువ్వు ఎవరినీ అడగనక్కర్లేకుండా. రెండేళ్ళుగా గోడలకి నెర్రెలు పడుతున్నాయి. మన లంకల్లో గోదారి గట్టు కోస్తుంటే కళ్ళకి కనపడుతుంది, ముందే మంచాలు జరుపుకుంటాం. ఇక్కడ కొండ లోపలినుంచి కోసుకుపోయింది. ఆ తెల్లవారుజామున పెద్ద చప్పుడైంది. వీరేంద్ర మమ్మల్ని ఇద్దరినీ రోడ్డు మీదికి తోసి, వాళ్ళమ్మ కోసం లోపలికి వెళ్ళాడు. కిటికీలోంచి ఆవిణ్ణి బయటికి నెట్టాడు. తను రాలేకపోయాడు.

ఆవిడ తుంటి విరిగింది. కదిలిస్తే అరుస్తుంది. మొదట్లో ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఈవిడ బతికి ఏం లాభం అనుకునేదాన్ని, దేవుడు క్షమించాలి. ఇప్పుడు రోజూ ఒళ్ళు తుడుస్తున్నాను, దుప్పటి మారుస్తున్నాను. ఆవిడ నన్ను కొడుకు పేరుతో పిలుస్తుంది. అతను ప్రాణమిచ్చి బయటికి తెచ్చిన మనిషిని వదిలేసి నేను రాలేను అక్కా. ఈ కొండ దిగేంత దూరం ప్రయాణం చెయ్యగలిగే స్థితిలో ఆవిడ లేదు.

నాన్నగారికి ఇదే చెప్పాను. "మరి పాప?" అన్నారు.

నేను మిమ్మల్ని రావద్దన్నది నాన్నగారి మాట మనసులో పెట్టుకుని కాదు. సిగ్గుపడీ కాదు. హేమకి అక్టోబరునుంచి దగ్గు తగ్గలేదు. తరగతి గదిలో నాలుగు కుటుంబాలం ఉంటున్నాం, కిటికీలకి అట్టలు కట్టాం, కట్టెల పొగ బయటికి పోదు. నర్సుని, నాకు తెలుసు, ఈ చలికాలం ఆ బిడ్డ ఇక్కడ ఉండకూడదు. మీరు వస్తే పిల్లని మీతో పంపడం తప్ప నాకు వేరే దారి ఉండదని కూడా తెలుసు. అందుకే మనాలి, మనాలి అని రాశాను. మీరు రాకపోతే ఇంకొన్నాళ్ళు నా పక్కన పడుకుంటుందని ఆశపడ్డాను.

ఇప్పుడు పంపుతున్నాను. ఈ ఉత్తరం తెచ్చే బావగారి చంకలో హేమ ఉంటుంది.

దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. రాత్రి వీధిలో లారీ వెళ్తే లేచి చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. తిట్టకు, పడుకోమని బలవంతం చెయ్యకు. లారీ వెళ్ళిపోయేదాకా చెయ్యి పట్టుకుని నువ్వూ నిలబడు. వాన పడితే ఇంట్లో ఉండదు. వరండాలో కూర్చోనివ్వు. దగ్గు మందు, ఎంతెంత వెయ్యాలో బావగారికి చెప్పాను. తాతయ్య దగ్గర రెండు రోజుల్లోనే చేరిపోయింది. ఆయన గడ్డం పట్టుకుని ఏదో చెబుతుంటే ఆయన, హిందీ ఒక్క ముక్క రాకపోయినా, అన్నిటికీ ఆయ్, ఆయ్ అంటున్నారు.

నేనెప్పుడొస్తానని అడుగుతుంది. మంచు కరిగాక అమ్మ వస్తుందనో, ఎండలు వచ్చాక వస్తుందనో దానికి చెప్పకు. వాళ్ళ నాన్న మంచు పడ్డాక వస్తాడని నేనే చెప్పాను. డిసెంబరులో మొదటి మంచు పడిన రోజు అది పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, స్కూలు గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడింది. ఆ తర్వాత నా మాట నమ్మడం మానేసింది.

నీ మాటనైనా నమ్మాలి. అందుకని, అడిగినప్పుడు తెలియదని చెప్పు.

నీ చెల్లెలు,
జాయ్