ఒక్క అడుగు ముందు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు నవ్వడం వినపడుతుంది. అందుకని రాస్తున్నాను. వచ్చే నెల ఇక్కడ జరిగే పది కిలోమీటర్ల పరుగు పందేనికి పేరిచ్చాను. నేనే. చదివింది సరిగ్గానే చదివావు.

మా కుట్టు దుకాణానికి ఎదురుగా పూల కొట్టావిడ లేదూ, పందేనికి పేర్లు రాసుకునేవాళ్లు మా వీధికి వస్తే, ఆవిడ నలుగురి ముందూ, "ఈ వయసులో మనకెందుకండీ పరుగులు?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "మనకెందుకు అనకండి, నాకెందుకు అనండి" అని అక్కడికక్కడే పేరిచ్చేశాను. తీరా చూస్తే నా వెనకే ఆవిడా ఇచ్చేసింది!

నువ్వు పిల్లలకి పరుగు నేర్పేవాడివి. ఎక్కడ ఎంత వేగంతో వెళ్లాలో చెప్పు. గెలవక్కర్లేదు, ఆవిడకన్నా ముందు చేరితే చాలు.

ఇట్లు,
మీ అక్క

తా.క.: మీ బావకి ఇంకా చెప్పలేదు. నా కొలతకి ప్యాంటు కుట్టుకుంటుంటే, ఎవరో లావుపాటాయన బేరం ఇచ్చాడనుకుంటున్నారు.

---

అక్కకి నమస్కారాలు.

నవ్వలేదు. నవ్వినా ఒక్కసారే.

మొదట్లో అందరూ నిన్ను దాటిపోతారు. పోనీ. పక్కవాళ్లతో హాయిగా మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లు. సగం దాటాక కాస్త పెంచు. చివర్లో మలుపు తిరిగి జనం కనపడగానే, ఒంట్లో ఉన్నదంతా తీసి పెట్టు.

నీ తమ్ముడు

తా.క.: బావకి చెప్పెయ్. ఆ లావుపాటాయన ప్యాంటు ఎప్పుడు తీసుకెళ్తాడని నాకే ఫోన్ చేసి అడిగారు.

---

తమ్ముడికి,

నువ్వు చెప్పింది తూచా తప్పకుండా చేశాను. హాయిగా మాట్లాడాను. మందుల షాపాయనతో వాళ్లావిడ ఆపరేషన్ గురించి, బేకరీ ఆవిడతో కొత్త కోడలి గురించి. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయాసమనేదే లేదు! ఇంత సుఖమైన విద్యని చిన్నప్పుడే ఎందుకు నేర్పలేదురా?

అక్క

తా.క.: మందుల షాపాయన నన్ను చూస్తే షట్టరు దించేస్తున్నాడు.

---

అక్కా!

నిలబడి మాట్లాడమనలేదు తల్లీ! పరిగెడుతూ! మాట్లాడ"గలిగేంత" అన్నాను. మాట రావాలంతే, కోడలి కథ రానక్కర్లేదు. రేపటి నుంచి నోరు మూసుకుని పరిగెత్తు.

తమ్ముడు

---

తమ్ముడికి,

పందెం అయిపోయింది. దాని సంగతి ఇక నన్నడక్కు. వీధిలో మొహం చూపించలేకపోతున్నాను.

అక్క

---

అక్కకి,

బావ ఫోన్ చేశారు. దుకాణంలో తెర వేసుకుని దాని వెనక కూర్చుని కుడుతున్నావట. మిగతాది నిన్నే అడగమన్నారు. ఆఖరున వచ్చి ఉంటావు, అంతేగా? అందుకు సిగ్గెందుకే? ఆఖరున రావాలన్నా పది కిలోమీటర్లూ పరిగెత్తాల్సిందే కదా! నా దగ్గర నేర్చుకునే పిల్లలకి నీ గురించే చెప్పాను. చప్పట్లు కొట్టారు. తల ఎత్తుకుని తిరుగు.

నీ తమ్ముడు

---

తమ్ముడికి,

ఆ చప్పట్లు వెనక్కి తీసుకోమను. నేను ఆఖరున రాలేదు. అదే నా సిగ్గు.

సగం దారిలో పూల కొట్టావిడ ఫుట్‌పాత్ మీద కూలబడి ఉంది. బూటు విప్పి చేత్తో పట్టుకుని ఏడుస్తోంది. "అందరూ వెళ్లిపోయారండీ. వెనక మిగిలినవాళ్లని ఎక్కించుకునే బండి వస్తోంది. ఎక్కేస్తాను" అంది. ఒక్క క్షణం నా కడుపు చల్లబడిందిరా, అబద్ధమెందుకు! కానీ ఆ మొహం చూశాక కాళ్లు కదల్లేదు. "లేవండి, ఇద్దరం మెల్లగా పోదాం" అన్నాను. బూటు నేనే తొడిగాను. మోకాళ్ల నొప్పులు, వాళ్లాయన కోపం, అన్నీ చెప్పింది. నేనూ చెప్పాను. ఇన్నేళ్లుగా ఎదురెదురుగా కూర్చుని మేమిద్దరం అంతలా మాట్లాడుకున్నది లేదు. చేతులు పట్టుకుని ఒకేసారి గీత దాటాలని ఒట్టు కూడా వేసుకున్నాం.

మలుపు తిరిగాం. జనం. ఈలలు. ముందు వరసలో మీ బావ. ఏ దెయ్యం పట్టిందో తెలీదు, ఆవిణ్ని మోచేత్తో పక్కకి తోసి ఉరికాను. ఒక్క అడుగు ముందు చేరాను.

సరిగ్గా అప్పుడే ఎవరో ఫొటో తీశారు. అందులో నా మోచెయ్యి ఆవిడ చేతిలో ఇరుక్కుని, పడిపోతున్న మనిషిని నేను లాక్కొస్తున్నట్టు పడింది! వీధి వీధంతా, "తోటి మనిషిని వదల్లేదమ్మా, నీది గొప్ప మనసు" అంటోంది. మీ బావ దానికి ఫ్రేము కట్టించి మిషను ఎదురుగా తగిలించారు. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి నన్ను మెచ్చుకుంటుంటే, గుండుసూది మింగినట్టుంటుంది. అందుకే ఆ తెర.

నిన్న ఇక తట్టుకోలేక రోడ్డు దాటి వెళ్లి ఆవిడకి చెప్పేశాను. "నేను మిమ్మల్ని లాగలేదండీ. తోశాను."

ఆవిడ గులాబీల కాడలు కత్తిరిస్తోంది. కత్తెర పక్కన పెట్టి, "ఆ ఫొటోలో నా రెండో చెయ్యి మీ వీపు వెనక ఉంది, చూశారా?" అంది.

"పడిపోతూ పట్టుకున్నారనుకున్నాను."

"మీ చొక్కా పట్టుకుని వెనక్కి గుంజుతున్నానండీ."



ఇట్లు,
తల దించుకున్న మీ అక్క

తా.క.: వచ్చే ఏడు పందేనికి వచ్చే కొత్తవాళ్లకి స్నేహం గురించి నాలుగు మాటలు చెప్పమని మా ఇద్దరినీ వేదిక ఎక్కిస్తారట. ముందు ఎవరు మాట్లాడాలా అని అప్పుడే మాటామాటా వచ్చింది.