అడవిపంది కత ఇక సాగలేదు

ప్రభుదాసూ, పత్తి విత్తనాలకు ఏడింటి బస్సుకే సూర్యాపేట పోతున్నాను. పప్పు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. అలమారలో నీ హార్మోన్ సూదిమందు ఉంది. రెండో బీజం కూడా తీశాక నెలనెలా తప్పొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా, నువ్వేమో పది రోజులు దాటించి తలుపేసుకుని పడుకున్నావు. ఇయ్యాల ఆరెంపీ డాక్టర్ దగ్గర వేయించుకో.

జనం ఏమంటారోనని నీ భయం. నాలుగేండ్ల కింద మొదటిది తీసినప్పుడు, అడవిపంది కుమ్మిందని చాయ్ హోటల్లో చెప్పింది నేనే. నెల తిరిగేసరికి ఆ పందిని దున్నపోతంత చేశాను, దాని కోరతో పారకు కామ కూడా వేయించాను.

నిన్న అదే హోటల్లో అందరి ముందు మత్తయ్య అడిగాడు: "గీసారి గూడ పందేనా, మామా?" అలసిపోయాను కొడుకా, ఇంకో కత నోటికి రాలేదు. "క్యాన్సర్ రా అల్లుడా, మల్లొచ్చింది. రెండోది గూడ తీసేసిండ్రు" అన్నాను. ఒక్కడూ నవ్వలేదు. మత్తయ్య నా చల్లారిన చాయ్ పారబోసి వేడిది తెచ్చి పెట్టాడు.

పదింటికి అతనే బండి తెస్తాడు. ఎక్కడికని అడగడు, తెలుసు. తలుపు తియ్యి.

నాయిన

పంది కత మత్తయ్య పిల్లలు ఇంకా నమ్ముతున్నారు. వాళ్ల ముందు జర కుంటుకుంటూ నడువు.