బావ అన్న ‘నే’

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీరంతా క్షేమమని నువ్వు మొదటి వాక్యంలో రాశావు. మిగతా నాలుగు పేజీల్లోనూ వెతికాను, ఆ క్షేమం మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

అడిగినవాటికి వరసగా చెప్తాను. దగ్గు తగ్గింది. లాండ్రీలో ఎనిమిది గంటలు ఆవిరిలో నిలబడి ఒక్కసారిగా చలిగాలిలోకి వచ్చేవాళ్లకి అది తప్పదు, బెంగపడకు. అవును, గది మారాను. కొత్త గదికి కిటికీ ఉంది, తెరిస్తే పక్క భవనం గోడ చేతికి తగులుతుంది. పాత గదికి ఏమైందని అడిగావు. ఏమీ కాలేదు. బావ మంచం ఎదురుగా ఖాళీగా ఉంటే చూడలేక మారాను. నువ్వు పంపిన స్వెట్టర్‌ అందింది. చేతులు కాస్త పొడుగయ్యాయి. నేనింకా ఎదుగుతున్నాననే అనుకుంటున్నట్టున్నావు.

చిన్నది నీ ఉత్తరం అడుగున వంకర అక్షరాలతో “మామా, అక్కడి భాషలో ఒక్క మాట నేర్పు, బళ్లో అందరికీ చెప్తాను” అని రాసింది. నేర్పుతాను. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే. కానీ ముందు నువ్వు చదువు. దానికి చెప్పాలో వద్దో ఆ తర్వాత నువ్వే చూసుకో.

ఇక నీ అసలు ప్రశ్న. దాన్ని మూడో పేజీలో, కుట్టుమిషన్‌ పాడైన సంగతి రాస్తూ మధ్యలో పెట్టావు. “ఆయన వచ్చి పదకొండు నెలలైంది. అక్కడి లాండ్రీ మిషన్‌కున్న ఆ కడ్డీ నువ్వే కట్టావా అని అడిగితే గోడవైపు చూస్తాడు. ఇదివరకు వచ్చే ఆ సగం మాటైనా ఇప్పుడు రావడం లేదు. ఎవరో ఆడమనిషి వేళ్లు పోగొట్టి వచ్చాడని వీధిలో అంటున్నారు. మిషన్‌ ఉన్న ఏ చోటా పనిలో పెట్టుకోవడం లేదు. నేను కూడా ఒకరోజు కోపంలో ఆ మాటే అనేశాను. నువ్వు పక్కనే ఉన్నావు కదా. నా మీద ఒట్టేసి చెప్పు, ఆయనే చేశాడా?”

ఒట్టేసి చెప్తున్నానక్కా. బావ చెయ్యలేదు.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో మొదటినుంచీ చెప్తేగాని నీకు అర్థం కాదు.

బావకి నత్తి ‘న’ దగ్గరే ఎక్కువ. నువ్వు ఆయన్నే చేసుకుంటానన్న రోజు నాన్న “మాట పూర్తి చెయ్యలేనివాడితో ఎలా బతుకుతావే” అంటే, నువ్వు “సగం ఆయన చెప్తాడు, సగం నేను చెప్తాను” అన్నావు. మేమిద్దరం ఇక్కడికి వచ్చాక ఆ సగం చెప్పే పని నాది అయింది. ఇక్కడి భాష నాకు తొందరగా పట్టుబడింది కాబట్టి లాండ్రీలో మనవాళ్లందరికీ నన్నే దుబాసీని చేశారు. బావ మొదలుపెట్టేవాడు, నేను ముగించేవాణ్ణి.

చిన్నదానికి నేర్పాల్సిన మాట ఇదే. ఇక్కడి భాషలో ‘నే’ అంటే అవును. మనకి ‘నే’ అంటే నేను. నే వస్తా, నే చూస్తా. పాత పద్యాల్లో అది ‘ఏను’ అని ఉండేదనీ, ముందున్న ‘న’ తర్వాతెప్పుడో వచ్చి అతుక్కుందనీ మన తెలుగు మాస్టారు చెప్పేవారు. ఆ పద్యాలు నీకే నోటికి వచ్చేవి. ఇక్కడివాళ్ల ‘నే’కి మన దానితో ఏ చుట్టరికమూ లేదు. ఎక్కడ పుట్టిందో, ఎలా వచ్చిందో నాకు తెలియదు. చెవికి మాత్రం రెండూ ఒకటే.

సూపర్‌వైజర్‌ వచ్చి “ఈ బండెడు దుప్పట్లూ మధ్యాహ్నంలోపు అవుతాయా” అని అడిగేవాడు. బావ “నే.. నే.. నే..” అని మొదలుపెట్టేవాడు. ‘నేనొక్కణ్ణే ఎలా చేస్తాను’ అనబోతున్నాడు పాపం. ఆయన బావ భుజం తట్టి వెళ్లిపోయేవాడు. ఏం చెప్పినా మూడుసార్లు అవునంటాడని బావకి ‘మూడవునుల మనిషి’ అని పేరు పెట్టాడు.

ఇంకొకావిడ ఉండేది. దుప్పటికి ఒక కొస బావ పట్టుకుంటే రెండో కొస పట్టుకుని ఇస్త్రీ మిషన్‌లోకి అందించే ఆవిడ. మనకంటే వయసులో పెద్దది, అందుకని పెద్దావిడ అనేవాళ్లం. ఆవిడది ఈ దేశమూ కాదు, మన దేశమూ కాదు. ఆవిడ భాషలో ‘నే’ అంటే కాదు, వద్దు. టీ ఫ్లాస్కు చాపి తాగుతావా అని సైగ చేసేది. బావ “నే.. నే..” అనేవాడు. ‘నేనూ తాగుతా’ అనేలోపు ఫ్లాస్కు సంచిలోకి వెళ్లిపోయేది. సంగతి నాకు తెలిసి విడమరిచి చెప్పినరోజు ముగ్గురం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం. “ఒ.. ఒరేయ్, నా నోట్లో మూ.. మూడు దేశాలు కొట్టుకుంటున్నాయిరా” అన్నాడు బావ. అన్నిటికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

ఆ మిషన్‌ నువ్వు చూడలేదు కదా. వేడి రోలర్లు రెండు తిరుగుతుంటాయి, తడి దుప్పటి వాటి మధ్యకి వెళ్తుంది. రోలర్ల ముందు సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే మిషన్‌ ఆగిపోతుంది. చేతికే కాదు, దుప్పటి మడత తగిలినా ఆగుతుంది. పని తొందరగా ఉన్నప్పుడు దాన్ని గుడ్డపీలికతో పైకి కట్టేయడం అక్కడ అలవాటే. సూపర్‌వైజర్‌ చూసీ చూడనట్టు పోయేవాడు. ఆ రోజు ఉదయం షిఫ్టులో ఎవరో కట్టారు, విప్పలేదు. మధ్యాహ్నం షిఫ్టు బావదీ పెద్దావిడదీ. వాళ్లు పని మొదలుపెట్టిన పావుగంటకి ఆవిడ చెయ్యి దుప్పటితోపాటు లోపలికి పోయింది. బావకి అరుపు రాలేదు. ఒక్క దూకు దూకి ఎర్ర బటన్‌ మీద గుద్దాడు. రెండు వేళ్లు పోయాయి. బావ అక్కడ లేకపోతే చెయ్యి మణికట్టుదాకా పోయేదని డాక్టరే అన్నాడు. ఈ మాట నీకు ఎవరూ చెప్పి ఉండరు.

పన్నెండో రోజున విచారణ. భోజనాల గదిలోనే బల్ల వేశారు. ఒక అధికారి, ఆయన ముందు కాగితాలు. మా సూపర్‌వైజర్‌ ఒక పక్కన. కట్టు కట్టిన చేత్తో పెద్దావిడ కిటికీ దగ్గర. బావ ఎదురుగా, ఆయన పక్కన దుబాసీగా నేను.

“ఆ కడ్డీ కట్టింది నువ్వేనా?” అని అడిగాడు అధికారి. నేను తెలుగులో చెప్పాను.

బావ “నే.. నే..” అన్నాడు.

అధికారి తలెత్తాడు. నేను నోరు తెరవకముందే రాసుకున్నాడు. అవును, అవును. బావ ఇంకా పెదవులు బిగించి మిగతా మాట కోసం తంటాలు పడుతూనే ఉన్నాడు. ఇక చాలన్నట్టు ఆయన అరచెయ్యి చూపించాడు. తర్వాత నావైపు తిరిగి, “అవునన్నాడు, అంతేగా?” అన్నాడు.

అక్కా, నేను తల ఊపాను.

అంతే. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నోరు తెరిచి ఒక్క మాట కూడా అనలేదు. తల ఊపి, కాగితంలో సంతకం ఎక్కడ చెయ్యాలో బావకి వేలుపెట్టి చూపించాను. ఆ భాష ఆయన చదవలేడు కదా. నేను చూపించిన చోట చేశాడు. వారంలోపు పంపించేశారు. అయిదేళ్లదాకా మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టకూడదని పాస్‌పోర్టులో ముద్ర కొట్టారు.

నత్తి మాట నేనే సరిగ్గా వినలేదేమో, ‘నేనే’ అన్నాడేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్న రోజులు ఉన్నాయి. అలా సర్దిచెప్పుకోవడానికి కూడా మన భాష వీలిచ్చింది.

పోయిన నెల పెద్దావిడ లాండ్రీకి వచ్చింది, తన బీరువా తాళంచెవి అప్పజెప్పడానికి. నేను వెనక వాకిట్లో బండ్ల దగ్గర ఉన్నాను. వచ్చీరాని ఇక్కడి భాషలో మాట్లాడుకున్నాం.

“మీ బావ ఎలా ఉన్నాడు?” అంది.

“బాగున్నాడు.”

“ఆ రోజు ఆయన నే, నే అన్నాడు. నా చెవికి అది కాదు, కాదు అనే వినిపించింది. నేను విన్నాను. మరి కాగితంలో అవునని ఎందుకు ఉంది?”

ఆయన అన్నది అవునూ కాదు, కాదూ కాదు, అది మా మాట అని మళ్లీ చెప్పబోయి ఆగిపోయాను. మరి నువ్వు దేనికి తల ఊపావని అడిగితే చెప్పడానికి ఏముంది?

“నేను ఆఫీసరుతో అన్నాను” అంది ఆవిడ. “‘ఆ దుబాసీ ఆయన బావమరిదే, సొంత మనిషి తప్పు చెప్తాడా’ అన్నాడు. నిజమే కదా అని ఊరుకున్నాను. ఇంట్లో కూర్చున్నాక మళ్లీ అనుమానం పట్టుకుంది. పొద్దున జడ వేసుకోవడం కుదరనప్పుడల్లా మీ బావని తిట్టుకుంటున్నాను. తప్పు మనిషిని తిడుతున్నానేమో.”

ఇక దాచలేకపోయాను.

“కట్టింది నేను” అన్నాను.

అవునక్కా. ఆ ఉదయం షిఫ్టు నాది. ఆసుపత్రి దుప్పట్లు పది గంటలకల్లా వెళ్లిపోవాలని సూపర్‌వైజర్‌ నెత్తిమీద నిలబడ్డాడు. దుప్పటి అంచు చింపి కడ్డీ కట్టాను. దిగేటప్పుడు విప్పడం మరిచిపోయాను. అది మరుపే. విచారణ రోజు చేసింది మాత్రం మరుపు కాదు. అన్నీ గుర్తుండే చేశాను.

ఆవిడ తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. సంచి ఆ చేతిలో నిలవక ఈ చేతికి మార్చుకుంది. “నాకు చెప్పి ఏం లాభం? వెళ్లి అక్కడ చెప్పు” అంది. నేను వెళ్తానన్న నమ్మకం లేక మర్నాడు వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. ఒకే సీటులో కూర్చున్నాం.

అదే అధికారి. నేను వాళ్ల భాషలో గడగడా చెప్పబోతే ఆపాడు. నేరం ఒప్పుకునేవాడు తనకు తానే దుబాసీగా ఉండకూడదట. ఇంకొక తెలుగు మనిషిని పిలిపించారు. నేను చెప్పింది అతను చెప్తుంటే, ఒక్కొక్క మాట దగ్గరా అతని నోటివైపే చూశాను, ఏం చెప్తాడో ఏం వదిలేస్తాడో అని. బావ నా నోటివైపు అలా చూసినట్టు గుర్తులేదు. ఆయనకి నామీద అనుమానం లేదు కదా.

దీనివల్ల అంతా చక్కబడుతుందనుకోకు. పాత కాగితం చించెయ్యరు, దానికి ఇంకో కాగితం జతచేస్తారు. బావ ముద్ర తీయించాలంటే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి, ఏడాది పట్టొచ్చు, తీస్తారన్న హామీ లేదు. కడ్డీ కట్టే అలవాటే మా దగ్గర లేదని సూపర్‌వైజర్‌ రాసిచ్చాడు. నన్ను పనిలోంచి తీసేశారు. పద్దెనిమిదో తేదీకల్లా దేశం వదలాలి. నా వాంగ్మూలం నకలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను, కింద తెలుగులో నేనే రాశాను. వీధిలో ఎవరికి చూపించాలో వాళ్లకి చూపించు.

ఇంకొకటి ఉంది. ఇది వాంగ్మూలంలో లేదు.

బావని పంపించేసిన రోజు విమానాశ్రయం బస్సు ఎక్కించడానికి వెళ్లాను. పెట్టె పైన పెట్టి దిగబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. “నే.. నేను చూడలేదనే చె.. చెప్పబోయానురా. ఎ.. ఎవరు కట్టారో చూడలేదని. ఆయన ఆ.. ఆపేశాడు. మి.. మిగతాది నువ్వు చెప్పేసే ఉంటావులే, వా.. వాళ్లే నమ్మలేదు. నీ పే.. పేరు ఎక్కడా రాలేదుగా?”

ఆ ఉదయం నా క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, నేను కడ్డీ కడుతుంటే చూశాడక్కా. “వి.. విప్పడం మరిచిపోకు” అని చెప్పి మరీ వెళ్లాడు. నేను విప్పేసి ఉంటానన్న నమ్మకంతోనే తన షిఫ్టులో మిషన్‌ ముందు నిలబడ్డాడు. విచారణలో ఆయన నా కోసం అబద్ధం ఆడబోయాడు. ఆ అబద్ధం పూర్తికాకముందే నేను ఆయన్ని అమ్మేశాను.

“రాలేదు బావా” అన్నాను.

“అ.. అయితే సరే” అన్నాడు. బస్సు కదిలింది.

ఆయన గోడవైపు ఎందుకు చూస్తాడని అడిగావు. తను కాదని చెప్తే, మరి ఎవరని నువ్వు అడుగుతావు. అందుకు. నువ్వు కోపంలో ఆ మాట అన్నరోజు కూడా నీ తమ్ముడి పేరు నీకు తెలియకూడదనే ఊరుకుని ఉంటాడు.

ఊరికి వస్తున్నాను. మీ గుమ్మం ఎక్కను. నువ్వు రమ్మన్నా రాను. బావ రమ్మంటే, అదీ తన నోటితో అంటే, అప్పుడు వస్తాను. ఆయన చేత అనిపించడానికి ప్రయత్నం చెయ్యకు.

ఇట్లు,
నువ్వు కాదనేదాకా నీ తమ్ముడు