పెద్ద సగం

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నన్ను పక్కన పెడితే అది నిజమే. నీ మోకాళ్ళూ, బావగారి దగ్గూ ఓ దారికి వచ్చాయని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిట్రా అని విసుక్కుంటావని తెలుసు. ఫోనైతే నేను నోరు విప్పకముందే నువ్వు ఏడుపు మొదలెడతావు. నేను ఏదో వాగి నవ్వించి, అసలు సంగతి మింగేస్తాను. ఇన్నాళ్ళూ జరిగింది అదే.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. తిన్నది నిలుస్తోందా అని నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను. మందు ఎక్కించాక రెండు మూడు రోజులు చల్లటి గ్లాసు ముట్టుకుంటే వేళ్ళకి షాక్ కొట్టినట్టుంటుంది. అందుకని నీ మరదలు తాగే నీళ్ళ దగ్గర్నుంచి మొహం కడుక్కునే నీళ్ళ దాకా అన్నీ వెచ్చబెట్టి ఇస్తోంది. ఆ పిచ్చిది తాను మాత్రం చల్లారిన అన్నం తింటోంది. నువ్వు పంపిన విటమిన్ మాత్రల డబ్బా చేరింది. వేసుకోలేదు. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా చదువు.

ఎండలో కూర్చుంటే పోయేదానికి మాత్రలెందుకని మొదట్లో నువ్వే అన్నావు. ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ గదిలో గడిపినవాణ్ణి. ఊరందరికీ వెలుగు చూపించాను గానీ నేను పొద్దు మొహం చూసింది తక్కువ. నా ఒంట్లో డి విటమిన్ అడుగంటిందంటే వింతేముంది? వింతల్లా డ్రైవర్ గారిది.

ఆయన సంగతి నీకెప్పుడూ రాయలేదు. ఆసుపత్రిలో మందు ఎక్కించే గదిలో నా పక్క కుర్చీ ఆయనది. బస్సు నడిపేవాడు. నా జబ్బే, పెద్దపేగులో పుట్టి కాలేయానికి పాకింది. కిటికీ వైపు చెయ్యి ఎండకి మాడిపోయి ఉండేది, రెండోది ఇంకొకరిది తెచ్చి అతికించినట్టు తెల్లగా ఉండేది. అలాంటి మనిషికీ విటమిన్ తక్కువేనట. ఇంత ఎండ తిన్నాను, అదంతా ఎటు పోయిందో కనుక్కోండి అని డాక్టరమ్మని ఆటపట్టించేవాడు.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ జబ్బు ముదిరినవాళ్ళలో చాలామందికి ఆ విటమిన్ తక్కువే ఉంటుందట. మరీ తక్కువున్నవాళ్ళు తొందరగా జారిపోవడం కూడా గమనించారట. అయితే అది తగ్గడంవల్ల జబ్బు పెరుగుతోందా, జబ్బు పెరగడంవల్ల అది తగ్గుతోందా అన్నది తేలలేదు. అది తేల్చడానికే పరిశోధన. కొందరికి పెద్ద మోతాదు, కొందరికి మామూలు మోతాదు. ఎవరికేది పడిందో మాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు. మేమిద్దరం సంతకాలు పెట్టి చెరో సీసా తెచ్చుకున్నాం. రెండు సీసాలూ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి.

ఇక్కడే అక్కా, నీ తమ్ముడు తెలివి చూపించాడు. సీసాలు రెండూ కలిపేసి చెరిసగం పంచుకుందాం, పెద్దది ఎవరికి పడినా ఇద్దరికీ పడ్డట్టే అన్నాను. డ్రైవర్ గారు ఒప్పుకోలేదు. డాక్టరమ్మ కళ్ళు గప్పడం బాగుండదు అన్నాడు. నేను ఊరుకుంటేగా? ఏది దొరికినా చెరిసగం అని మా అక్క నేర్పింది అన్నాను. నీ పేరు చెప్పి ఒప్పించాను. ఆసుపత్రి వరండాలో బల్ల మీద రుమాలు పరిచి, రెండూ కుమ్మరించి కలిపింది నేనే. కొత్త సీసాలు ఇచ్చినప్పుడల్లా అదే పని.

మూడు నెలలకి రక్తం తీస్తే ఇద్దరికీ దాదాపు ఒకే అంకె వచ్చింది, అటూ ఇటూ కాకుండా మధ్యలో. డాక్టరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసింది. మేం దొంగపిల్లుల్లా కూర్చున్నాం.

తర్వాత ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. పోయిన నెల ఆయన పోయాడు.

పక్క కుర్చీలో కొత్త మనిషి వచ్చి కూర్చున్నాక ఇక ఉండబట్టలేక డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇది మీ ఒక్కరి కోసం కాదు కదండీ, మీ తర్వాత వచ్చేవాళ్ళ కోసం" అంది. తలెత్తలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాసుకుంది. పెద్ద మోతాదు ఎవరిదని అడిగాను. తెలుసుకుని ఏం చేస్తారంది. మనసు కుదుటపడుతుందన్నాను. తర్వాతి వారం, ఇక దాచి లాభం లేదని పైవాళ్ళనడిగి కనుక్కుని చెప్పింది.

ఆయనది.

నేను తిన్న సగం ఆయన మందు అక్కా. అది మొత్తం ఆయనకే దక్కితే ఇంకో నాలుగు నెలలు ఉండేవాడా అని అడిగాను. "అది నేనూ చెప్పలేను, మీరూ చెప్పలేరు" అంది. ఉండేవాడు కాదని ఒక్క మాట అంటుందేమోనని ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. అనలేదు.

ఇన్నాళ్ళూ దాచింది ఇంకొకటుంది. నేను పంచుకుందామన్నది ధర్మానికి కాదు. పుట్టి బుద్ధెరిగాక నాకేదీ కలిసిరాలేదు, ఈ చిన్న మోతాదు ఖాయంగా నాదే అయివుంటుందనిపించింది. ఆయన సీసా మీద కన్నేసి నీ పేరు వాడుకున్నాను.

ఆయన భార్య నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. మీరు పక్కనుండబట్టే ఆయన ధైర్యంగా వచ్చేవారని మొన్న కూడా కళ్ళు తుడుచుకుంది. ఆదివారం వెళ్ళి ఆవిడకి చెబుతాను. నీ మరదలు వద్దంటోంది, చెప్పి ఆవిడకి లేని చిచ్చు పెట్టడమెందుకంటోంది. ఆ మాటలోనూ నిజముంది. కానీ ఆ పిలుపు నాకు దక్కాల్సింది కాదు. తీసేసుకుంటే ఆవిడ ఇష్టం. నీ తప్పేం లేదురా అని మాత్రం నువ్వు రాయొద్దు. నువ్వు పంపిన డబ్బా మూత తిప్పినప్పుడల్లా ఆ రుమాలు గుర్తొస్తోంది, మాత్ర గొంతు దిగడం లేదు.

అమ్మ పోయాక ఇంట్లో ఒక్క రొట్టె ఉంటే నువ్వు రెండు ముక్కలు చేసి, ముందు నన్ను తీసుకోమనేదానివి. ఒక ముక్క ఎప్పుడూ పెద్దగా ఉండేది. మా అక్కకి సమంగా తుంచడం రాదనుకునేవాణ్ణి. ఎందుకలా తుంచేదానివో ఇప్పుడు తెలుస్తోంది.

ఇట్లు,
ఈసారి కూడా పెద్ద సగం తినేసిన
నీ తమ్ముడు