బి-7 తీయొద్దు

స్టీవెన్స్ పాయింట్, విస్కాన్సిన్
నవంబరు 16, 1986, ఆదివారం

అమ్మకు,

ఇక్కడ నేను కులాసా. పైకప్పు కారడం లేదు, పొయ్యి మండుతోంది, పేపరు మిల్లులో రెండో షిఫ్టు పని ఊడలేదు. ఆ ఎడారి ఎండలో నువ్వూ హెలెన్ పిన్నీ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. శుక్రవారాలు చేపల వేపుడికి వెళ్తున్నాను. అదే బారు, అదే కౌంటరు, చివరి స్టూలు. పక్కన ఎవరూ కూర్చోరు, కూర్చోమని నేనూ అడగను. ఫోర్‌మన్‌తో మళ్లీ గొడవపడ్డావా అన్నావు. పడ్డాను. పని జోరుగా సాగాలని రోలరు ముందున్న ఇనుప తడిక తీసేసి నడపమన్నాడు. "నీ వేళ్లు పెట్టి నడుపు, నేను చూస్తాను" అన్నాను. వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టాడు. అందుకే ఇల్లినాయ్‌లో జరిగే పాత జూక్‌బాక్సుల సంతకు, అదే, నాణెం వేస్తే పాడే పాటల పెట్టెల సంతకు వెళ్లగలిగాను.

మిగిలింది నీ అసలు ప్రశ్న. గరాజులో ఉన్న నాన్న పాటల పెట్టెలో బి-7 మీట నొక్కితే నీ పాట వస్తుందని, ఆ రికార్డు తీసి పంపమని మూడు ఉత్తరాల్లో రాశావు. మూడుసార్లూ నేను వాన గురించో మంచు గురించో రాసి ఊరుకున్నాను. ఆపరేషన్‌లో గొంతు పోయాక, "అది ఎలా ఉండేదో నాకే గుర్తు రావడం లేదురా" అన్నావు. ఆ వాక్యాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. పెళ్లికి ముందు పోల్కా డాన్సు బ్యాండుతో నువ్వు పాడిన ఒకే ఒక్క పాట అది. నేనెప్పుడూ వినలేదు. చిన్నప్పుడు పాడమంటే "పోరా, అంట్లు తుడువు" అనేదానివి.

చెప్తాను. వరుసగా చెప్పనీ.

నాన్న పెట్టెను మూడు చలికాలాలు బాగుచేశాను. ఎవరూ నేర్పలేదు, నీకు తెలుసు. అలా బాగుచేసిన పెట్టెలకు సంతలో పోటీ ఉంటుంది. నా ఒక్కడి ట్రక్కు, నా ఒక్కడి తోపుడు బండి. మిగతావాళ్లు భార్యలతో, క్లబ్బులతో, ఒకే రంగు టోపీలతో వచ్చారు. పెద్ద షెడ్డులో మూడు వందల యంత్రాలు. బరువు చూసేవి, జాతకం చెప్పేవి, చిక్లెట్లు ఇచ్చేవి, అన్నిటికంటే ఎక్కువ పాటల పెట్టెలు. అన్నీ ఒకేసారి పాడుతుంటే ఒక్క పాట కూడా వినపడదు. న్యాయనిర్ణేత వెనుక తలుపు తెరిచి టార్చి వేసి, "ఒక్క పెన్సిలు గీత లేదు. కొత్త పెళ్లికూతురులా ఉంది" అని ఎర్ర రిబ్బను గుచ్చాడు. రెండో బహుమతి. చూపించడానికి పక్కన ఎవరూ లేరు. సాసేజి కొనుక్కుని పెట్టె పక్కనే నిలబడి తిన్నాను.

ఆ పెన్సిలు గీతలే నా నేరం. రిపేరు చేసినవాడు తారీఖూ తప్పూ తలుపు లోపలివైపు రాస్తాడు కదా, మన పెట్టెలో ఇరవై ఏళ్ల నాన్న రాత ఉండేది. పోటీలో రాతకు మార్కులు కోస్తారు. ఫిబ్రవరిలో ఒక శనివారం గరుకు కాగితం పట్టి మొత్తం గీకేశాను. మార్కుల కోసమే అని చెప్పుకున్నాను. అబద్ధం. ఊరూరా బార్లలో పెట్టిన తన పెట్టెలు బాగుచేస్తూ వారమంతా తిరిగిన మనిషి, ఈ పెట్టె ముందు ఏ ఊళ్లో ఏ రోజు కూర్చున్నాడో ఆ తలుపు మీద ఉంది. నా దగ్గర కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. చెక్క తెల్లబడేదాకా గీకాను.

రికార్డులు కూడా పెట్టె పుట్టిన ఏడాదివే ఉండాలట. ఉన్నవన్నీ తీసి పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. బి-7 చీటీ మీద ఎవరి పేరూ లేదమ్మా, చేత్తో గీసిన ఒక నక్షత్రం ఉంది, అంతే. ఆరు వారాలకు నీ మొదటి ఉత్తరం వచ్చింది. పరుగెత్తాను. వాడు రికార్డుల్ని వేడిచేసి గిన్నెలుగా వంచి అమ్మేశాడు. ఎవరింట్లోనో నువ్వు తాళంచెవులు వేసుకునే గిన్నెవి అయిపోయావు.

సంతకు నేను రిబ్బను కోసం పోలేదు. రికార్డుల డబ్బాలు అమ్మేవాళ్లు అక్కడికి వస్తారని పోయాను. రెండు రోజులు వెతికాను. ఎవరికీ నీ పుట్టింటి పేరు తెలియదు. రెండో రోజు మధ్యాహ్నం, మూల బల్ల దగ్గర అల్లుకుంటూ కూర్చున్న ఒక ముసలావిడ పిలిచింది. వెర్నా అట, వాసా నుంచి వచ్చింది. మొగుడు పోయాక అతని యంత్రాలు అమ్ముకుంటోంది.

"ఏం వెతుకుతున్నావబ్బాయ్, నిన్నటి నుంచి ఎలుకలాగా?"

"ఐరీన్ జెలిన్‌స్కీ పాడిన పోల్కా. మీకు తెలియదులెండి."

"నాకు తెలియకపోవడమేంటి? ఇరవై ఏళ్లు దాన్ని తిట్టుకున్నాను." అల్లిక పక్కన పడేసింది. "స్టాన్ కుబియాక్ అని ఒక పిచ్చివాడి దగ్గర మా ఆయన ఆరు పెట్టెలు కొన్నాడు. ఆరింటిలోనూ అదే పాట, అదే గడి. తీయనని అతనికి మాటిచ్చాడట మా ఆయన. జనం అడిగే పాటకు చోటు లేదు, ఎవడూ వినని పాటకు మాత్రం సింహాసనం."

"ఎవరూ వేసేవారు కాదా?"

"ఆ పిచ్చివాడే వేసేవాడు. అమ్మేశాక కూడా ఆ దారిన పోతే ఆగేవాడు. కాఫీ తాగి, నాణెం వేసి, ఒక్కసారి విని వెళ్లిపోయేవాడు. నీకేమవుతాడు?"

"నాన్న."

ఆవిడ లేచింది. తన పెట్టె వెనుక తలుపు తెరిచింది.

నాన్న రాత, అమ్మా. ఆ వంకర ఏడు, ఆ కోపపు అడ్డగీత. "61 ఆగస్టు. రికార్డు ఎత్తే చెయ్యి సరిగా పట్టడం లేదు. సరిచేశాను. బి-7 తీయొద్దు." "63 జనవరి. సూది మార్చాను. బి-7 తీయొద్దు." "64 మే. ఎలుక గూడు. బి-7 తీయొద్దు." తలుపంతా అదే. మన తలుపు మీద కూడా ఉండే ఉంటుంది. నేను చదవలేదు, గీకాను. నీ రికార్డు రెండు వందల కాపీలూ అమ్ముడుపోయాయని ఆయన నీకు చెప్పాడన్నావు. ఎవరు కొని ఎక్కడ పెట్టారో ఇప్పుడు తెలిసిందా?

క్వార్టరు నాణెం వేసి మీట నొక్కాను. ఆ గోలలో వినపడక చెవిని పెట్టె ముందున్న స్పీకరు జాలీకి ఆనించాను. నీ గొంతు నేననుకున్నట్టు లేదు. కాస్త కోపంగా ఉంది, నా గొంతులాగా. రెండో చరణం మొదట్లో ఊపిరి అందక వెనకబడ్డావు. తరువాత పరుగెత్తి బ్యాండును అందుకున్నావు. జాలీ గుర్తు నా చెంప మీద పడిందని వెర్నా అద్దం చూపించింది.

"రికార్డు ఇవ్వండి" అన్నాను.

"విడిగా ఇవ్వను. మా ఆయన పోయినా మాట మాటే."

"అయితే పెట్టెకు పెట్టె. నాది తీసుకోండి."

ఆవిడ వచ్చి నా పెట్టె చుట్టూ తిరిగింది. "రిబ్బను పెట్టెకు ఎలుకలు కొరికిన పెట్టెనా? పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా నువ్వు?"

"సాసేజి తిన్నాను."

"అయితే మతి ఉండే అడుగుతున్నావు. రిబ్బను కూడా నాదే మరి."

"తీసుకోండి."

ఆ ఎర్ర రిబ్బను స్వెటరుకు గుచ్చుకుని, నాతోపాటు పెట్టెను ట్రక్కు దాకా తోసింది. నాన్న పెట్టె అలా పోయింది. తిట్టాలంటే రాసి తిట్టు, చదువుతాను.

ఇప్పుడు ఎలుకలు కొరికింది గరాజులో ఉంది. ఒక పక్క దీపం వెలగదు. ఏమీ తుడవలేదు. తలుపు మీద నాన్న ఆఖరి వరుస కింద, "86 నవంబరు. ఇంటికి తెచ్చాను. బి-7 తీయొద్దు" అని రాశాను. రికార్డు పంపమన్నావు కానీ, అందుకే పంపను.

ఇంకొకటి ఉంది. రాయకుండా వదిలేద్దామని కలం రెండుసార్లు మూశాను. పోయిన క్రిస్మస్ రోజు ఫోను మోగిందని, ఎత్తితే ఎవరూ పలకలేదని, రాంగ్ నంబరేమోనని రాశావు. అది నేను. నువ్వే ఎత్తుతావనుకోలేదు. నీ మెడలోని రంధ్రంలోంచి గాలి వచ్చి పోవడం వినిపించింది. నువ్వు పలకలేవు, నేను పలకలేదు. పెట్టేశాను. ఆ రోజు నుంచి ఆ ఫోనును ముట్టుకోలేదు. నీ దగ్గరికి రాకపోవడానికి సెలవు లేదని రాశాను కదా, కారణం అది కాదు.

వంటింటి ఫోనుకు పొడుగు తీగ కొన్నాను. గరాజు దాకా వస్తుంది, లాగి చూశాను. వచ్చే ఆదివారం, 23వ తేదీ, మీ గడియారంలో ఒంటిగంటకు ఫోను చేస్తాను. పిన్నిని ఎత్తనివ్వకు, నువ్వే ఎత్తు. రిసీవరు మీద గోటితో రెండుసార్లు కొట్టు, నువ్వేనని తెలుస్తుంది. నేను మాట్లాడను. రిసీవరును జాలీకి ఆనించి నిలబడతాను. పాట రెండు నిమిషాల నలభై సెకన్లు.

అయిపోయాక కూడా నేను పెట్టేయను.

ఇట్లు,
నీ కొడుకు,
రోమన్