ఫొటోలో వచ్చిన కుట్టుమిషను

చిత్తూరు,
ఆదివారం.

అక్కకు,

పేపర్లో నా ఫొటో చూసి మురిసిపోయి, పాప జాకెట్టు గుడ్డలు కుట్టడానికి పంపుతానని రాశావు. పంపవద్దు. ఆ కుట్టుమిషను మా ఇంట్లో లేదు.

క్లబ్బు వాళ్లు పెట్టిన ప్రశ్నల పోటీలో నేను గెలిచిన మాట నిజమే. కరువని ఈ ఏడు ఖర్చు తగ్గించారు. గంటకు బదులు పళ్లెం మీద గరిటెతో కొట్టారు. ప్రశ్నలు కూడా నిరుటివే అడిగారు. నవ్వుకుంటూ జవాబులు చెప్పాను. నన్ను మిషను పక్కన నిలబెట్టి ఫొటో తీశాక, సెక్రటరీ దేవనాథన్ గారు నా చేతిలో సూదుల పొట్లం పెట్టారు.

"మిషను ఫొటో కోసరం అంగట్లో అడిగి తెచ్చినామమ్మా, తిరిగి ఇచ్చేయాల. కరువు గదా, నువ్వే అర్థం చేసుకోవల్ల," అన్నారు.

"మరి పేపర్లో ఏమని వేస్తారు సార్?"

"నీకే ఇచ్చినామని వేస్తారులే."

దండం పెట్టి వచ్చేశాను.

బెల్లం మండీలో పని పోయి మీ మరిది ఇంట్లోనే ఉన్నారని నీకు తెలుసు. నిన్న మండీలో మళ్లీ మనుషులను తీసుకుంటున్నారంటే పరుగున వెళ్లారు. యజమాని ఆ పేపరు చూపించి, "మీ ఇంటికి మిషను వచ్చిండాది గదప్పా! ఈ పనన్నా ఏమీ లేనోళ్లకి పోనీ," అన్నాడట.

నీ చెల్లెలు