అత్తకు కరెంటు పెట్టించాక

1957 ఫిబ్రవరి 3, ఆళ్లగడ్డ

అక్షరాలు వంకర పోతున్నాయి. నాలుగో తరగతిలో బడి మానిన చెయ్యి. తప్పులూ ఉంటాయి... కాగితమా, నువ్వే సర్దుకో.

నిన్న మద్రాసు నుంచి వచ్చాం. అత్త గర్భసంచిలో పుండుకు కరెంటు పెట్టడం, అంటే ఏవో కిరణాలతో కాల్చడం, అయిపోయింది. పుండు మాడిందన్నారు. "మనింట్లో దీపానికే లేదు, నా కడుపుకు పెట్టిచ్చినారు గదప్పా కరెంటు!" అని అత్త రైల్లో అంటే మా ఆయన నవ్వాడు, ఎన్నాళ్లకో.

బయలుదేరే ముందు నర్సమ్మ నన్ను వార్డు తలుపు దగ్గరికి పిలిచింది. పుండును కాల్చేటప్పుడు పక్కనున్న పేగుకూ తగులుతుందట. కొన్నాళ్లు విరేచనాలు అవుతాయి. పాలు, కారం వద్దు. ఉప్పు వేసిన గంజి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూనే ఉండాలి, ఆపకూడదు. తలూపాను. ఆయన అప్పటికే బండి కోసం బయటికి వెళ్లాడు.

ఫిబ్రవరి 6

మొదలైంది. తెల్లవారినప్పటి నుంచి అత్త దొడ్లోకి, మంచానికి... మళ్లీ దొడ్లోకి.

గడివేముల నుంచి ఆయన అక్క వచ్చింది. వస్తూనే గంజి చెంబు నా చేతిలోంచి లాక్కుంది.

"ఏందిది? అట్ల పోతాంటే ఇంకా పోస్తాండావా? కడుపు కట్టాల. లంఖణం పెట్టాల."

"అది గాదు వదినా, ఆడ నర్సమ్మ..."

"నర్సమ్మకేం తెల్సు? ఊర్లో ఎవురికి బాగలేకున్యా లంఖణం పెట్టిచ్చేది మాయమ్మే."

అరుగు మీద నుంచి మామ, "పెద్దది చెప్పినట్టు చెయ్యండి" అన్నాడు. మామ వినేటట్టు నేనెప్పుడు మాట్లాడాను గనక.

ఫిబ్రవరి 7

పెదవులకు తడిగుడ్డ. అంతే. ఆయనకైనా చెప్పాలి... పొలం నుంచి వచ్చాడు, అన్నం పెట్టాను, చెప్పలేదు.

ఫిబ్రవరి 8

"మ్మీ... ఒక్క గుక్క."

వదిన గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. కడవ నా చేతికి అందేటంత దూరంలోనే ఉంది. లేచాను. అత్త దుప్పటి సర్ది కూర్చున్నాను.

ఫిబ్రవరి 9, నంద్యాల

పొద్దున అత్త కళ్లు గుంటలు పడ్డాయి. పిలిస్తే పలకలేదు. ఆయన జీపు మాట్లాడుకొని వచ్చాడు.

డాక్టరు చేతికి సూది గుచ్చి సీసాలో నీళ్లు ఎక్కించాడు. పేగు లోపలి పొర పాడైందట. అది తిరిగి పుట్టేదాకా తిన్నది ఒంటికి పట్టదు, నీళ్లు నిలవవు. "అట్లాంటి మనిషికి నీళ్లు ఆపుతారా? మద్రాసులో ఎవరూ చెప్పలేదా?"

"లేదు సార్" అన్నాడు ఆయన.

"చెప్పినారు. నాకు."

నా గొంతేనా అది! ఆయన నా వైపు చూశాడు. మళ్లీ సీసా వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 11

అత్త కళ్లు తెరిచింది. గంజి రెండు చెంచాలు. కక్కలేదు.

ఫిబ్రవరి 13

వదిన ఊరికి పోయింది. ఎవరూ లేనప్పుడు అత్త అంది, "నర్సమ్మ మాట నాకూ ఇనపడింది లేమ్మీ. ఆ తలుపు పక్కనే గదా నా మంచం."

"మరి వదినకు చెప్పింటే..."

"యా మొగంతో? నీ కాన్పుకు దప్పి, దప్పి అని నువ్వేడుస్తాంటే, బాలింతకు నీళ్లిస్తే ఒళ్లు ఉబ్బుతాదని కడవ మీద మూత తియ్యనీలే నేను. మొన్న నువ్వు లేచి మళ్లా కూసుంటే... అదే గావచ్చు అనుకున్యా."

"అయ్యో, కాదత్తా! వదిన ఉందని... భయపడినా."

"ఊ" అంది. గోడ వైపు తిరిగింది.

ఫిబ్రవరి 14

మళ్లీ విరేచనాలు. ఈసారి నెత్తురు చార. డాక్టరు రేపు చూసి చెబుతానన్నాడు. ఆయన బయట బెంచీ మీదే ఉంటున్నాడు.

నీళ్లు పడితే అత్త తాగుతోంది. నా మొహం మాత్రం చూడదు.

ఆ రోజు కడవ దగ్గర నా కాన్పు గుర్తొచ్చిందా, రాలేదా... వచ్చినట్టే ఉంది. వదినకు భయపడింది నిజం. అదొక్కటే నిజమా?

ఇది ఎవరి కంటైనా పడితే ఆయనకు చూపకండి. ఇంతటితో ఆపి పొయ్యిలో పెట్టండి.